కుడి ఒడ్డుకే ఎందుకు?

మా పడవ ముక్కు మడ చెట్ల వేళ్ళలో ఇరుక్కుని ఉంది. ముందు సీట్లో మా ఆవిడ, వెనక సీట్లో నేను. మా తలలకి కట్టిన ఎర్ర దీపాలు తప్ప చుట్టూ చీకటి. కింద నీళ్ళు చప్పుడు చేయకుండా తగ్గిపోతున్నాయి.

నీళ్ళు తగ్గడం చిన్న విషయం కాదు. సముద్రం వెనక్కి తీసిందంటే ఆ సన్నటి పాయలో మిగిలేది బురదే. అందులో కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుందనీ, మళ్ళీ నీళ్ళు వచ్చేవరకూ పడవలోనే కూర్చోవాల్సి వస్తుందనీ మా గైడు బయలుదేరే ముందే చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు మా వైపు తెడ్డు వేసుకుంటూ వస్తున్న ఆవిడ ముఖంలో ఆ నవ్వు లేదు.

"మళ్ళీనా?" అంది మా ఆవిడ, వెనక్కి తిరక్కుండా.

"ప్రవాహం," అన్నాను.

"ఇందాక గాలి అన్నారు."

"ఇందాక గాలే. ఇప్పుడు ప్రవాహం."

మా ఆవిడ జుట్టులో చిక్కుకున్న ఆకుని తీసి నీళ్ళలో వదిలింది. ఆ ఆకు ఎటూ కొట్టుకుపోకుండా పడవ పక్కనే బుద్ధిగా నిలబడింది. 

ఇదంతా మొదటి నుంచి చెప్పాలి. లేకపోతే మీరు కూడా మా ఆవిడ పక్షం చేరిపోతారు.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. మా ఊళ్ళో రోడ్డు మీద కనిపించే కార్లలో సగం నా శిష్యులవే. మిగతా సగం నా శిష్యుల్ని చూసి పక్కకి తప్పుకునేవాళ్ళవి. ఇంతమందికి నేర్పినవాణ్ణి ఇంట్లో ఒక్క మనిషికి నేర్పలేకపోయాను.

ప్రయత్నం చేయక కాదు. పెళ్ళయిన కొత్తలో పొద్దున్నే లేచి మా స్కూలు కారులోనే నేర్పించాను. మలుపు వస్తే చాలు, కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయేది. తను వంగి తన పాదాల వంక చూసుకుని, "నేనేం చేశానండీ?" అనేది. నేను చాలా ఓపిక గల గురువుని కాబట్టి, "ఏదో చేశావులే," అనేవాణ్ణి. ఏం చేసిందో మాత్రం నాకూ తెలిసేది కాదు.

విచిత్రం ఏమిటంటే లైసెన్సు పరీక్షలో పాసైపోయింది. పరీక్షాధికారి పక్కన కూర్చున్నాడు, నేను గేటు బయట నిలబడ్డాను. కారు నూనె రాసినట్టు మైదానమంతా తిరిగి వచ్చి గీత మీద ఆగింది. ఆ సాయంత్రమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి బయలుదేరితే మొదటి మలుపులోనే మళ్ళీ పాత కథ. ఆ అధికారి జాలిగుండె మనిషని నేను తేల్చాను. తనకి ఈ విద్య రాదని మా ఆవిడ తేల్చుకుంది. అప్పటి నుంచీ ఆ లైసెన్సు తన హ్యాండ్‌బ్యాగులో కాపురం చేస్తోంది. ఎక్కడైనా ఇది నేనే అని నిరూపించుకోవాల్సి వస్తే మాత్రం బయటికి వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. అక్కడ కొత్త పద్ధతి మొదలుపెడుతున్నారు. ఆపరేషన్ అయ్యి ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళ దగ్గరికి నర్సే వెళ్ళి కట్లు మార్చాలి, ఇంజెక్షన్లు ఇవ్వాలి. కారు ఆసుపత్రిదే, నడపాల్సింది మాత్రం నర్సు. వార్డు బాధ్యత చూసే పెద్ద సిస్టరు ముందు మా ఆవిడనే అడిగింది. ఆదివారం రాత్రిలోగా ఫోన్ చేసి అవునో కాదో చెప్పమంది. చెప్పకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

వారమంతా మా ఆవిడ అన్నం కలుపుతూ ఆలోచించేది, బట్టలు మడతపెడుతూ ఆలోచించేది. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టేది. నా ఉద్దేశం అడిగినప్పుడల్లా, "నీ ఇష్టం," అన్నాను. నేను ఈ కాలపు భర్తని. వద్దు అనే మాట నా నోట్లోంచి రాకూడదు. తన నోట్లోంచి రావాలి. దానికి ఏర్పాట్లు మాత్రం నేను చేయాలి.

నవ్వండి, పరవాలేదు. కానీ ఒక్క సంగతి చెప్పనివ్వండి. రోజంతా ఎవరెవరో కార్లు నడుపుతుంటే చూస్తుంటాను, నాకేమీ అనిపించదు. మా ఆవిడ నడుపుతున్నట్టు ఊహించుకుంటే చాలు, తెలియని సందులో అడ్డంగా ఆగిపోయిన కారు, దాని మీదికి వస్తున్న లారీ దీపాలు కళ్ళముందుకి వస్తాయి. ఆ లారీ ప్రతి రాత్రీ వస్తూనే ఉంది. అందులో ఎప్పుడూ డ్రైవరు కనిపించడు.

అలాంటి సమయంలో మంగలి షాపు అద్దం పక్కన ఆ ప్రకటన కనిపించింది. మడ అడవుల్లో చీకటి వేళ పడవ ప్రయాణం, ఇద్దరు కూర్చునే చిన్న కయాక్, తెడ్లు మీరే వేసుకోవాలి, వెంట గైడు ఉంటారు. సగం గడ్డం గీసిన ముఖంతోనే నాకు పథకం తట్టింది. చీకటి, తెలియని మలుపులు, చేతిలో బండి. ఒక్క గంటలో మా ఆవిడే, "అమ్మో, ఇలాంటివి నా వల్ల కాదు," అంటుంది. నేను ఓదారుస్తాను. ఆ ఓదార్పు మాటలు కూడా గడ్డం పూర్తయ్యేలోపు సిద్ధం చేసేసుకున్నాను.

ఇంటికెళ్ళి చెబితే, "వెళ్దాం," అని వెంటనే అంది. ఇరవై రూపాయల కొత్తిమీర కొనడానికి కూడా రెండు దుకాణాలు తిరిగే మనిషి ఇంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది.

ఆదివారం పొద్దుగూకే వేళకి రేవు చేరుకున్నాం. మా గైడు పొడుగాటి మనిషి. మెడలో ఈల వేలాడుతోంది. ఒకసారి ఊదితే ఎక్కడివాళ్ళం అక్కడ ఆగాలని చెప్పింది. నేను మనసులోనే ఆవిడకి ఈల మేడం అని పేరు పెట్టేశాను. మాతోపాటు ఇంకో పడవలో ఒక పళ్ళ డాక్టరు, ఆయన తల్లి వచ్చారు. ఈ ప్రయాణం తల్లి సరదా. రోజంతా ఊరివాళ్ళ నోళ్ళు తెరిపించే ఆ డాక్టరు నీళ్ళని చూసిన దగ్గర్నుంచీ తన నోరు మూయలేకపోయాడు.

ఈల మేడం అందరి తలలకీ ఎర్రటి దీపాలు కట్టి పడవ సంగతి వివరించింది. ముందు కూర్చున్నవాళ్ళు వేగం చూసుకోవాలి, వెనక కూర్చున్నవాళ్ళు దారి చూసుకోవాలి. వెనక సీటు ముందు, పాదాల దగ్గర రెండు పెడళ్ళు ఉన్నాయి. వాటి నుంచి తీగలు పడవ తోక దగ్గరున్న చుక్కానికి వెళ్తాయి. కుడి పెడలు నొక్కితే పడవ కుడికి, ఎడమది నొక్కితే ఎడమకి. ఆవిడ చెప్పడం పూర్తికాకముందే నేను వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. నా బతుకంతా పెడళ్ళ మీదే నడిచింది. మా స్కూలు కారులో కూడా పక్క సీటు దగ్గర నాకంటూ ప్రత్యేకంగా ఒక బ్రేకు ఉంటుంది.

డాక్టరు గారి పడవలో వెనక సీటు ఆయన తల్లిది. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, లైఫ్ జాకెట్ బిగించుకుని, ఉయ్యాల బల్ల మీద కూర్చున్నంత తీరిగ్గా కూర్చుంది.

మొదటి మలుపు దాకా అంతా బాగానే జరిగింది. మలుపులో ఎర్రటి వెలుగు పడేసరికి మడ చెట్ల వేళ్ళు కనిపించాయి. నీళ్ళలోంచి వంకరగా లేచి, వంద సాలెపురుగులు ముడుచుకు కూర్చున్నట్టున్నాయి. అంతే, మా పడవ గిరుక్కున తిరిగి కుడి ఒడ్డులోకి దూసుకుపోయింది. మా ఆవిడ నెత్తిన ఆకులు రాలాయి. నా ఒళ్ళో ఒక పీత పడింది. అది నన్ను చూసి ఎంత భయపడిందో తెలియదు గానీ, దాన్ని చూసి నేను పెట్టిన కేకకి పక్క పడవలో డాక్టరు గారు కూడా కేక పెట్టారు.

గాలి, అని చెప్పాను.

రెండోసారి మా ముందు ఒక చేప నీళ్ళలోంచి ఎగిరింది. మళ్ళీ కుడి ఒడ్డే. ఈసారి గాలి అనడానికి ఆకు కూడా కదలడం లేదు. దాంతో అనుమానాన్ని మా ఆవిడ మీదికి మళ్ళించాను. ఎడమ పక్క గట్టిగా తెడ్డు వేయడం వల్లే కుడికి పోతోందని సాంకేతికంగా వివరించాను. తను కుడి పక్క మాత్రమే తెడ్డు వేయడం మొదలుపెట్టింది. ఆ లెక్కన పడవ ఎడమకి పోవాలి. కానీ ముందు ఏదో పక్షి రెక్కలు టపటపలాడించగానే మళ్ళీ కుడికే మొగ్గింది. ఈసారి వేళ్ళు తగలకుండా ఎలాగో బయటపడ్డాం.

కాసేపటికి పాయ విశాలమై చెరువులా పరుచుకుంది. ఈల మేడం అందరి దీపాలూ ఆర్పించి, కొంచెంసేపు మాట్లాడకుండా కూర్చోమంది.

దీపం ఆరాక చీకటి అంత నల్లగా ఏమీ లేదు. నీళ్ళ మీద ఆకాశం ఉంది. బురదలో ఏవో చిన్న చిన్న ప్రాణులు చిటపటమంటున్నాయి. మా ఆవిడ వేళ్ళు నీళ్ళలో ముంచితే వాటి చుట్టూ నీలంగా వెలుగు చిందింది. డాక్టరు గారి నోరు కూడా అప్పుడే మొదటిసారి మూతపడింది.

చాలాసేపటికి మా ఆవిడ గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. పోయిన నెల వార్డులో ఒక ముసలి టైలరు ఉన్నాడట. కాలికి ఆపరేషన్. ఇంటికి పంపించే రోజున, రేపటి నుంచి కట్టు ఎవరు మారుస్తారమ్మా అని అడిగాడట. ఇంట్లో ఎవరో ఒకరు మారుస్తార్లే తాతా అని తను అన్నదట. ఆయన సరే అన్నాడట. ఆయనకి ఇంట్లో ఎవరూ లేరని తర్వాత తెలిసిందట.

"ఆ సరే అన్న మాట నాతోపాటు ఇంటికి వచ్చేసిందండీ," అంది. "అందుకే ఈ పని చేయాలనుకున్నాను."

నేను ఊ కొట్టాను.

"కానీ భయంగా ఉంది. చీకటంటే కాదు. లోపల ఎవరో నా కోసం ఎదురుచూస్తుంటే, నేను ఆ సందు మొదట్లో కారు ఆపేసుకుని కూర్చుంటే? నా చేతిలో కారు ఎందుకు ఆగిపోతుందో నాకే తెలియనప్పుడు ఎవరికని మాటిస్తాను? రాత్రికి ఫోన్ చేసి కుదరదని చెప్పేస్తాను."

చూశారా, నా పథకం గెలిచేసింది. నేను వినాలనుకున్న మాట నేను అనుకున్న చోటే, అనుకున్నదానికంటే ముందే వినిపించింది. ఓదార్పు మాటలన్నీ నోటి దగ్గర వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. కట్టు విప్పుకోలేక మంచం మీద కూర్చున్న ఆ టైలరు, ఎవరో తెలియని మనిషి, నా గొంతుకి అడ్డం పడ్డాడు.

ఈల మేడం ఒక్కసారి చిన్నగా ఈల ఊది, నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి, వచ్చిన దారినే తిరిగి వెళ్దామంది. దీపాలు వెలిగాయి. డాక్టరు గారి పడవ జారిపోతున్నట్టు ముందుకి వెళ్ళింది. మేము వెనక. సన్నటి పాయలోకి వచ్చాక తలమీదికి ఒక కొమ్మ వేలాడుతూ కనిపించింది. అప్పుడు మూడోసారి వేళ్ళలో దూరిపోయాం. మొదట నేను చెప్పినది ఆ ఇరుకులోంచే.

ఈల మేడం వచ్చి మా పడవకి తాడు కడుతుంటే మా ఆవిడ ఒడ్డు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఎవరితోనూ కాదన్నట్టు అంది: "వచ్చేటప్పుడు కుడి ఒడ్డుకే కొట్టుకున్నాం. ఇప్పుడు వెనక్కి తిరిగాం. ప్రవాహం అటే లాగుతుంటే ఈసారి ఎడమ ఒడ్డుకి కొట్టుకోవాలి కదా. మళ్ళీ కుడి ఒడ్డుకే ఎందుకు?"

పోలీసు శాఖలో ఉండాల్సిన మనిషి. వార్డులో పెట్టి పాడుచేస్తున్నారు.

అయితే చుక్కాని పాడైందన్నాను. ఈల మేడం దీపం వేసి చూసి, తీగలు లాగి చూసి, చుక్కాని నిక్షేపంలా ఉందని చెప్పింది. మమ్మల్ని బయటికి లాగి, కొంచెం ముందున్న ఇసుక దిబ్బ దగ్గరికి చేర్చి, ఇద్దర్నీ దిగి సీట్లు మార్చుకోమంది. మా ఆవిడకి దారి చూసుకోవడం రాదని మర్యాదగానే మనవి చేశాను.

"ఇంకాసేపట్లో ఇక్కడ నీళ్ళుండవు సార్," అంది ఈల మేడం. "ఆవిడకి రాకపోయినా, మీకు వచ్చినట్టే వస్తుంది. కూర్చోండి."

మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు. ఎదురుగా కాళ్ళు చాపుకోవడానికి ఉత్త పడవ నేల తప్ప ఇంకేమీ లేదు.

పడవ కదిలింది. సూటిగా కదిలింది. సాలెపురుగుల్లాంటి వేళ్ళతో ఒక మలుపు వచ్చింది. తెడ్డు బిగించి పట్టుకున్నాను. కింద ఎక్కడో ధబ్‌మని చప్పుడైంది. పడవ మాత్రం నీళ్ళ మధ్యలోంచి మెత్తగా తిరిగి మలుపు దాటేసింది. ఇంకో మలుపు, ఇంకో ధబ్. వంగిన కొమ్మ, ధబ్. ఒడ్డున ఏదో కదిలింది, ధబ్ ధబ్.

డాక్టరు గారి తల్లికి అనుమానం వచ్చింది. ఆ చప్పుడేమిటని కొడుకుని అడిగింది. ఆయన దీపం మా వైపు తిప్పి చూసి, ముందు కూర్చున్నాయన పడవని తంతున్నాడని చెప్పాడు.

"ఏమండీ," అంది మా ఆవిడ నెమ్మదిగా. "మీ కాలేం చేస్తోంది?"

నేను కిందికి చూశాను. ఎర్రటి వెలుగులో నా కుడికాలు పడవ నేలని అదిమి పట్టుకుని ఉంది. మడమ బిగుసుకుపోయి ఉంది. అది నాదే అయినా ఎవరిదో చూస్తున్నట్టుంది. తీసుకోమని చెబితే కాసేపటికి గానీ తీసుకోలేదు.

వెనక తెడ్డు చప్పుడు ఆగిపోయింది. పడవ తనంతట తానే కొంత దూరం వెళ్ళింది. మా ఆవిడ మౌనాలు నాకు కొత్త కాదు. కోపం మౌనం తెలుసు, అలసట మౌనం తెలుసు, మా చెల్లెలు వచ్చినప్పటి మౌనం ఇంకా బాగా తెలుసు. ఇది ఎప్పుడూ విననిది.

"పరీక్ష రోజున మీరు గేటు బయట నిలబడ్డారు కదూ," అంది చివరికి.

"అవును," అన్నాను.

 తెడ్డు మళ్ళీ నీళ్ళలో పడింది.

రేవు చేరేదాకా ఆ కాలి గురించే ఆలోచించాను. అది చెడ్డ కాలు కాదు. ఎన్నిసార్లు నా మెదడుకంటే ముందు లేచి ఎవరి పిల్లల్నో గోడకి కొట్టుకోకుండా ఆపిందో నాకే లెక్క తెలియదు. దాని జీతం మీదే మా ఇల్లు గడిచింది. భయపడాల్సిన చోటా నొక్కింది, అక్కర్లేని చోటా నొక్కింది. నాకు చెప్పి నొక్కలేదు. మా ఆవిడ మాత్రం ఇన్నేళ్ళూ తన పాదాల వంకే చూసుకుంది.

ఇంకోటి కూడా తట్టింది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ నేను కారు దిగిపోయాకే డ్రైవర్లయ్యారు. ఒక్క మా ఆవిడ కారులోంచి మాత్రం నేను దిగలేదు. పక్కన కూర్చుంటేనే భర్తననుకున్నాను.

రేవులో దిగాక డాక్టరు గారి తల్లి మా ఆవిడ భుజం తట్టి, బాగా నడిపావమ్మా అంది. నా వంక చూసి ఏమీ అనలేదు. పెద్దమనిషి.

కారు దగ్గరికి రాగానే మా ఆవిడ చెయ్యి చాపింది. తాళాలు ఇచ్చేశాను. అలవాటుగా పక్క సీటు తలుపు తెరవబోతే, "అక్కడ కాదు. వెనక కూర్చోండి," అంది.

మా సొంత స్కూలు కారు వెనక సీట్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. అక్కడ కాళ్ళకి తగిలేది ముందు సీటు వీపు మాత్రమే. మా శిష్యులు మరచిపోయిన గొడుగు ఒకటి నా పక్కన కూర్చుని ఉంది.

మా ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. కారు స్టార్ట్ చేసి, రేవు దాటి, మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు తిరిగింది. ఎక్కడా కుదుపు లేదు. ఊరు మొదట్లో దీపాల కింద కారు పక్కకి ఆపి, ఇంజిన్ ఆపకుండానే, పెద్ద సిస్టరుకి ఫోన్ చేసింది. ఆ ఫోన్‌లో అవతలి మాటలు కారంతా వినిపిస్తాయి. ఆ పని తనే చేస్తానని, కారు తనే నడుపుతానని, వీలైతే మొదటి రోజున ఆ టైలరు ఇల్లు ఉన్న వైపే డ్యూటీ వేయమని చెప్పింది.

పెద్ద సిస్టరు సంతోషించింది. అయినా వృత్తి కొద్దీ అనుమానం మనిషి. మొన్న నీ చేతిలో కారు ఆగిపోతుందని బెంగపెట్టుకున్నది నువ్వే కదమ్మా అని గుర్తుచేసింది. ఇప్పుడు ఆగదని ఏమిటి నమ్మకం అని అడిగింది.

"ఇప్పుడు ఆగదు సిస్టర్. ఆపేది ఎవరో తెలిసిపోయింది."

"ఎవరు?"

మా ఆవిడ అద్దంలో నా వంక చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను కళ్ళతోనే బతిమాలాను, కనీసం పేరు బయటపెట్టకుండా కేసు కొట్టేయమని. తను కొంచెంసేపు ఆలోచించింది. ఇండికేటరు వేసింది. కారుని మళ్ళీ రోడ్డు మీదికి తిప్పుతూ చెప్పింది.

"మా ఆయనే సిస్టర్. కుడికాలితో."